నాలుగు దెబ్బల చోటు

మూడో అంతస్తు వరండాలో బెంచీ మీద కూర్చున్నాక గానీ పాటలక్కకి తన మోకాళ్లు వణుకుతున్న సంగతి తెలియలేదు. మెట్లెక్కినందుకే అనుకుంది, యాభై నాలుగేళ్ల మోకాళ్లు కదా, మూడంతస్తులు ఎక్కితే వణకవా అనుకుంది, కానీ కూర్చుని ఐదు నిమిషాలైనా వణుకు తగ్గలేదు, రెండు అరచేతులతో మోకాళ్లని అదిమి పట్టుకుంటే చేతులు కూడా వాటితో కలిసి వణకడం మొదలుపెట్టాయి. ఎదురుగా రెండు రెక్కల తలుపు, రెక్కకో గుండ్రటి అద్దం, పైన ఎర్ర అక్షరాలతో చూడటానికి వచ్చేవాళ్లు నాలుగు నుంచి ఐదు దాకానే, ఒకసారికి ఒక్కరే అని రాసి ఉంది. గోడ గడియారంలో నాలుగుకి ఇంకా పది నిముషాలుంది. ఆ తలుపు వెనక ఏడో నంబరు మంచం మీద సీసాల ఫ్యాక్టరీ హాజరు గుమాస్తా తొమ్మిది రోజులుగా కళ్లు తెరవకుండా పడి ఉన్నాడు. కింద కిటికీలో కూర్చున్నావిడ ఎవరిని చూడాలమ్మా అని అడిగితే పాటలక్క పేరు చెప్పలేకపోయింది. నోటిదాకా వచ్చింది, పళ్ల వెనకే ఆగిపోయింది. ఏడో మంచం అంది. తొమ్మిది రోజుల కిందట అదే పేరుని వెయ్యి గొంతులు ఒక్క పెట్టున అంటుంటే లారీ మీద నిలబడి, చేతిలో మైకు పట్టుకుని, ఒళ్లు పులకరించి విన్న మనిషి తనే.

రావద్దని యూనియన్ కార్యదర్శి నిన్ననే మరీ మరీ చెప్పాడు. అక్కా, కేసు గుర్తు తెలియని వ్యక్తుల మీద పెట్టారు, నువ్వు ఆ ఆసుపత్రి గడప తొక్కావంటే గుర్తు తెలిసిన వ్యక్తివైపోతావు, పోలీసులకి పని తగ్గించినదానివవుతావు అన్నాడు. అయినా ఎవరూ ఆయన మీద చెయ్యి వెయ్యలేదక్కా, చెయ్యి వేసిన వాడొక్కడుంటే చూపించమను అన్నాడు. నిజమే, ఎవరూ వెయ్యలేదు. ఆ మాటే ఆమె తొమ్మిది రోజులుగా అన్నం కలుపుకుంటూ, తల దువ్వుకుంటూ తనకి తాను చెప్పుకుంటోంది. ఇవాళ మధ్యాహ్నం తమ్ముడు డప్పుకి కొత్త తోలు బిగిస్తూ నడవలో కూర్చుని ఉంటే, దర్జీ దగ్గరికి వెళ్లొస్తానని అబద్ధమాడి బయటపడింది. అబద్ధం ఆడినా వాడు తల ఎత్తకుండానే, దర్జీకి నా తరఫున కూడా నమస్కారం చెప్పు అన్నాడు. వాడికి తెలిసిపోయిందా? తెలిసి ఊరుకున్నాడా? బస్సులో వెనక సీట్లో ఇద్దరు కాలేజీ పిల్లలు ఆమె పాటే పాడుకుంటున్నారు, గుమాస్తా పేరు తీసేసి వాళ్ల లెక్చరరు పేరు పెట్టారు, నాలుగక్షరాలే, అతికినట్టు సరిపోయింది, పాడి పాడి పగలబడి నవ్వుతున్నారు. ముందు సీటు కమ్మీ పట్టుకుని ఆమె ఒక స్టాపు ముందే దిగిపోయింది. తన పాట తను ఎక్కిన బస్సే ఎక్కి వెంటబడి వస్తున్నట్టు అనిపించి, దిగాక ఒకసారి వెనక్కి తిరిగి కూడా చూసింది.

ముప్పై ఏళ్లుగా ఆమెకి ఇదే పని. పని చేసేవాళ్ల నోట ఉన్న వరసలు ఏరుకొచ్చి, వాటికి కొత్త మాటలు కట్టి, తిరిగి వాళ్ల నోటికే అందించడం. బరువులెత్తేవాళ్ల ఊపు, తాళ్లు పేనేవాళ్ల సాగతీత, చాకిరేవులో బట్ట బండకి తగిలే దెబ్బ, ఏదీ వదల్లేదు. సమ్మె అంటే పాటలక్క రావాలి, ఊరేగింపంటే ముందు లారీ మీద ఆమె, పక్కన డప్పుతో తమ్ముడు. చెవి అలా అలవాటుపడిపోయింది, ఎక్కడ కూర్చున్నా దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది. ఇప్పుడూ అంతే. వరండా చివర మందుల తోపుడుబండి వస్తోంది, దాని చక్రం ఒకటి వంకర, మూడుసార్లు నున్నగా తిరిగి నాలుగోసారి టక్కుమంటోంది, తలుపు వెనక ఏదో మిషను సన్నగా కూత పెడుతోంది, ఈ టక్కూ ఆ కూతా ఒకదానితో ఒకటి ఎక్కడ కలుస్తాయో చెవి కాచుకుని కూర్చుంది. నోరు మూసుకోవచ్చు, కళ్లు మూసుకోవచ్చు, చెవినేం చెయ్యాలి? దాని మీద ఆమెకి జీవితంలో మొదటిసారి భయం వేసింది.

భయం అంటే ఏమిటో తెలియని మనిషేం కాదు. ముప్పై ఆరేళ్ల వయసులో ఒక పాటకి నాలుగు రోజులు లాకప్పులో ఉంది. బూట్ల చప్పుడు దూరం నుంచి దగ్గరికొచ్చేది, గది ముందు ఆగేది, మళ్లీ దూరం వెళ్లేది, ఆగినప్పుడల్లా పై ప్రాణాలు పైనే పోయేవి. తమ్ముడి వేళ్లు రెండు పోలీసులు విరిచింది అక్కడే, ఇప్పటికీ చలి పుడితే వాడు చిటికెన వేలు మడవలేడు. ఆ భయం మాత్రం బయటికొచ్చాక చెప్పుకోదగ్గ భయం. ఇంటికొచ్చినవాళ్లకి టీ ఇస్తూ చెప్పుకుంది, సభల్లో చెప్పుకుంది, చెప్పిన ప్రతిసారీ కాస్త పొడుగయ్యింది కూడా. కొట్టేవాళ్లు అటు, పాడేవాళ్లం ఇటు. ఇవాళ్టి భయం అలాంటిది కాదు, ఎవరికీ టీ ఇస్తూ చెప్పుకునేది కాదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. తల తిప్పి చూడగానే ఆమెకి అర్థమైంది, వచ్చేది గుమాస్తా భార్యేనని. పేపర్లో ఫోటో చూసింది, నలభై ఏళ్లుంటాయి, చెవుల దగ్గర జుట్టు నెరిసింది, చేతిలో ఫ్లాస్కు, భుజాన తువ్వాలు. బెంచీలు ఇంకో రెండు ఖాళీగా ఉన్నాయి. ఆవిడ తిన్నగా వచ్చి పాటలక్క పక్కనే కూర్చుంది.

ఎవరి కోసమండీ అని ఆవిడ అడిగింది. గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉంది, మాటకంటే గాలే ఎక్కువ వస్తోంది. మీ ఆయన కోసమేనమ్మా, పాత పరిచయం, పేపర్లో చూసి వచ్చాను అంది పాటలక్క. ఎక్కడి పరిచయమని అడుగుతుందేమోనని, అడిగితే చిన్నప్పుడు బడిలో అందామా, పక్క వీధి అందామా అని లోపల వెతుక్కుంటోంది. ఆవిడ అడగలేదు. పాటలక్క ముఖంలోకి ఒకసారి చూసి, ఊఁ అని, ఫ్లాస్కు మూతలో నీళ్లు పోసి అందించింది, తాగండి, మెట్లెక్కి వచ్చారు కదా అంది. తాగకపోతే బాగుండదు. తాగితే, ఆ మనిషి మంచం పక్కన ఉండే నీళ్లు, ఆయన తాగలేని నీళ్లు. తాగింది. గొంతులో పడ్డ చప్పుడు వరండా అంతా వినబడినట్టనిపించింది. నాలుగయ్యింది, తలుపు దగ్గరి ఆయా ఏడో నంబరు అని పిలిచింది, గుమాస్తా భార్య ఫ్లాస్కు బెంచీ మీదే వదిలి, ఇది చూస్తుండండి అని చెప్పి లోపలికి వెళ్లింది. పరాయి మనిషి ఫ్లాస్కుకి కాపలాగా పాటలక్క మిగిలిపోయింది. లేచి పారిపోదామంటే ఇప్పుడు ఇదొకటి పక్కన.

అమ్మ దగ్గర ఇలాంటిదే ఒక ఇత్తడి చెంబు ఉండేది, పనికి వెళ్లినప్పుడు పిల్లని ఆ చెంబు పక్కన కూర్చోబెట్టి ఇది చూస్తుండు అనేది. అమ్మది కప్పుల మీద సున్నం దిమ్మిస కొట్టే పని. పన్నెండు మంది ఆడవాళ్లు కప్పు మీద వరసగా వంగి, చేతుల్లో చెక్క దిమ్మిసలు, అమ్మ ముందు పాట అందుకుంటే మిగిలినవాళ్లు దెబ్బతో జవాబిచ్చేవాళ్లు. అమ్మ పాటలో ప్రతి మూడు పాదాలకీ ఒక ఖాళీ ఉండేది, నాలుగు దెబ్బలంత ఖాళీ. అందులో అమ్మ ఆ పూటకి తోచిన పేరేదో వేసేది. మేస్త్రీ బొజ్జ మీద ఒక పాదం కట్టి, మేస్త్రీ పేరు ఆ నాలుగు దెబ్బల్లో వేస్తే కప్పంతా నవ్వేది, కింద నిలబడ్డ మేస్త్రీ కూడా బొజ్జ నిమురుకుంటూ నవ్వేవాడు, ఏమే, నా పొట్ట మీదే పడ్డావేం ఇవాళ అనేవాడు. పెద్దయ్యాక పాటలక్క అమ్మ దగ్గర నుంచి తెచ్చుకున్న ఆస్తంతా ఆ ఖాళీయే. అందులో మంత్రుల పేర్లు వేసింది, మిల్లు దొరల పేర్లు వేసింది. అందరూ పెద్దవాళ్లే, ఎక్కడో అద్దాల వెనకో గోడల వెనకో ఉండేవాళ్లే, వాళ్లకి పాట తగిలేది కాదు. తగలాలనే కదా పాడింది, తగలదని ఎంత నిశ్చింతగా పాడింది!

సీసాల ఫ్యాక్టరీ సమ్మెకి కట్టిన పాటా అదే అచ్చు. ఊదిన ఊపిరి మాదీ, ఉడికిన ఒళ్లూ మాదీ, తలుపులు మూసినదెవరూ? ఆ తర్వాత నాలుగు దెబ్బలు. మొదట్లో ఆ చోట యజమాని అని పెట్టింది. పదిహేడు రోజులు జనం యజమాని అని అరిచారు, అరుస్తూ అరుస్తూ చల్లబడిపోయారు, గేటు ముందు వేసిన సమ్మె గుడారం కింద పేకాట మొదలైంది. కొలిమి ఆరిపోయి నెర్రెలిస్తోందని లోపలి నుంచి కబురు, ఇక దాన్ని మళ్లీ వెలిగించరని బయట పుకారు. కార్యదర్శి వచ్చి, అక్కా, యజమాని అంటే ఎవడు, సముద్రం అవతల ఉన్నాడు, వాడి ముఖం వీళ్లెవరూ చూడలేదు, కళ్లకి కనబడే మనిషి పేరు కావాలి అన్నాడు. అంతే అన్నాడు. ఎవరి పేరనేది చెప్పలేదు. జనమే పెట్టారు ఆ పేరు, జనం నోట్లోంచే వచ్చింది, అని తొమ్మిది రోజులుగా తమ్ముడికి కూడా అదే చెబుతోంది. ఫ్లాస్కు మీద చెయ్యి వేసి కూర్చున్న ఈ క్షణాన ఆ మాట ఎంత తోసినా ముందుకి రావడం లేదు. జనం ఎక్కడున్నారు ఆ సాయంత్రం తన వంటింట్లో? పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, తను గరిటె పట్టుకుని గట్టు మీద కొడుతూ గేటు దగ్గర కనబడే వాళ్ల పేర్లన్నీ ఒక్కొక్కటే నోట్లో వేసుకుని చూసింది. మేనేజరు పేరు ఏడక్షరాలు, గొంతులోనే తన్నుకుంది. సెక్యూరిటీ ఆఫీసరుది మూడే, పైగా చివర ఒత్తు, డప్పు దెబ్బ దగ్గర నాలుక మడతపడింది. హాజరు గుమాస్తా పేరు నాలుగు. మొదటి అక్షరం మీద బరువు పడుతుంది, చివరి అక్షరం ఎంత సేపంటే అంత సేపు సాగుతుంది. గరిటెతో నాలుగు దెబ్బలు కొట్టి ఆ పేరు పాడి చూసుకుని, కుదిరిందిరా అని నడవలో ఉన్న తమ్ముణ్ని కేకేసింది. నవ్వింది కూడా. వాడు అడిగాడు, అక్కా, ఆయన ఉత్త గుమాస్తా కదే అని. లిస్టు రాసింది ఆయనే కదరా అంది. నిజమే, గేటు ముందు నిలబడ్డ వాళ్ల పేర్లు లిస్టు రాసి ఇచ్చింది ఆయనే, దాన్ని బట్టే ముప్పై ఒక్క మందిని పనిలోంచి తీసేశారు. కానీ ఆ కారణం తర్వాత వెతుక్కున్నది. పేరు ముందు కుదిరింది.

ఆ మర్నాడు పొద్దున్నే గుడారం లేచి నిలబడింది. ఆ పేరు వెయ్యగానే ఎలా లేచిందని! ఒక్క రోజంతా అదే పాట. ఆ మర్నాడు, పంతొమ్మిదో రోజు పదకొండు గంటలకి గుమాస్తా హాజరు పుస్తకం చంకలో పెట్టుకుని పక్క దారిన లోపలికి వెళ్లబోయాడు. ఎవరో చూశారు. జనం ఆయన చుట్టూ అర్ధచంద్రంలా కమ్ముకున్నారు, ఆయన సరుకు ఎక్కించే అరుగు మీదికి ఎక్కాడు, వాళ్లూ ఎక్కారు. ఎవరూ తాకలేదు. పాడుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు. నాలుగు దెబ్బల దగ్గర ఆ పేరు అంటూ దెబ్బకో అడుగు ముందుకి వేస్తున్నారు. ఆయన అదే దెబ్బకి ఒక్కో అడుగు వెనక్కి వేస్తున్నాడు. లారీ మీద నుంచి పాటలక్కకి అంతా కనబడుతోంది, ఆయన వెనక అరుగు ఎంత మిగిలి ఉందో కూడా కనబడుతోంది. మైకు ఆమె చేతిలోనే ఉంది. ఆగండి అని ఒక్క మాట అంటే ఆగేవాళ్లే, ఆమె ఎప్పుడు ఆపమంటే అప్పుడు ఆగే జనం అది. ఆపలేదు. పాట అంత బాగా కుదిరింది, అంతమంది ఒకే అడుగుగా నడవడం ముప్పై ఏళ్లలో ఎన్నడూ చూడలేదు, తమ్ముడి వైపు చెయ్యి ఊపి కాస్త వేగం పెంచమంది. వాడు పెంచాడు. చివరి పాదం, మళ్లీ నాలుగు దెబ్బలు, మూడో దెబ్బకి ఆయన కాలు కింద అరుగు లేదు. లారీ అంత ఎత్తు నుంచి వెల్లకిలా కింద సిమెంటు మీద పడ్డాడు. నాలుగో దెబ్బ పడ్డాక గానీ పాట ఆగలేదు.

తలుపు తెరుచుకుంది. పాటలక్క ఉలిక్కిపడి ఫ్లాస్కు వదిలేసింది, దొర్లి కింద పడబోతే గుమాస్తా భార్యే పట్టుకుంది. మళ్లీ పక్కనే కూర్చుని, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఎవరూ అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది, ఆ గాలిగొంతుతోనే, నెమ్మదిగా. ఆయన మహా భయస్తుడండీ అంది. బల్లి కనబడితే బీరువా దగ్గరికి వెళ్లడు, ఆఫీసరు కోప్పడతాడని జ్వరంతో కూడా డ్యూటీకి పోతాడు, ఆ రోజు వెళ్లొద్దన్నా వినకపోవడానికి కారణం కూడా ఆ భయమేనట. లిస్టు రాసిన రాత్రి అన్నం ముట్టలేదట. ఇంకో సంగతి చెప్పింది. ఫ్యాక్టరీ క్వార్టర్సు గుడారానికి ఎదురే కదా, లౌడుస్పీకరు పొద్దున్నుంచీ వంటింట్లోకే పాడేదట, ఆయనకి ఆ పాట ఇష్టమట. అన్నం తింటూ ఎడమ చేత్తో బల్ల మీద ఆ దెబ్బలు వాయించేవాడట, ఎవరు కట్టారో గానీ భలే కట్టారే, యజమాని అనే చోట చూడు ఎలా దూకుతుందో అనేవాడట. పద్దెనిమిదో రోజు పొద్దున పళ్లు తోముకుంటూ తన పేరు విన్నాడు. బ్రష్షు నోట్లోనే పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

"మనం కాదులే, ఇంకెవరో ఉండి ఉంటారు ఆ పేరు గలాయన, అన్నాడండీ."

పాటలక్క ఎదుటి గోడ మీద సున్నం పెచ్చు వంక చూస్తూ ఉండిపోయింది. ఏదో ఒకటి అనాలి, అయ్యో అన్నా అనాలి. ఈవిడ ఎందుకు చెబుతోంది ఇదంతా? దారిన పోయే మనిషికి ఎవరైనా ఇన్ని చెబుతారా? దుఃఖంలో ఉన్నవాళ్లు చెబుతారు, గోడకైనా చెబుతారు, తను గోడ, అంతే అనుకుంది. చెప్పెయ్యాలని వచ్చింది కదా. ఏ మొహం పెట్టుకుని చెప్పడం? ఇప్పుడు కాదు, ఈవిడ ఈ వాక్యం పూర్తి చేశాక, ఆ తోపుడుబండి దాటిపోయాక. బండి దాటిపోయింది. ఆవిడ అప్పుడు డాక్టరు మాట చెప్పింది. పేరు పెట్టి పిలుస్తుండమన్నాడట, బాగా ఎరిగిన గొంతు అయితే లోపలికి అందొచ్చట. నేనెప్పుడూ ఏమండీ అనే పిలిచానండీ అంది. ఇరవై రెండేళ్లు. ఇప్పుడు తొమ్మిది రోజులుగా పేరు పెట్టి పిలుస్తున్నా, నా నోట తన పేరు ఆయన ఎప్పుడైనా వింటే కదా గుర్తుపట్టేది, గొంతు పోవడమే గానీ రెప్ప కదలలేదు అంది. ఆ తర్వాత పాటలక్క చేతి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది, బరువుగా ఉంది.

"మీ గొంతు గట్టిగా ఉంది. ఒకసారి మీరు పిలిచి చూడండి, అక్కగారూ."

నాకెందుకమ్మా, నేను ఎవర్ని, ఆయనకి గుర్తుండనేమో అని ఏదేదో గొణిగింది. ఆవిడ చెయ్యి తియ్యలేదు. ఆయా తలుపు పట్టుకుని నిలబడి ఎవరు వస్తున్నారో త్వరగా తేల్చుకోండి అంది. కాళ్లు ఎలా లేచాయో ఎలా నడిచాయో తెలియదు, తలుపు రెక్క వెనక మూసుకున్న చప్పుడుకి తను లోపల ఉన్నట్టు తెలిసింది. లోపల చల్లగా, మందు వాసనగా ఉంది, ఆరు మంచాలు దాటాలి. ఒక మంచం, రెండో మంచం, ఎవరి ముఖమూ చూడకుండా కాలి చివర్ల తగిలించిన అట్టలు చూసుకుంటూ నడిచింది. ఏడు. తలకి కట్టు, ముక్కులో గొట్టం, తెల్లటి దుప్పటి కింద ఇంత సన్నటి మనిషి. లారీ మీద నుంచి చూసినప్పుడు ఇంత సన్నగా లేడు. గడ్డం పెరిగి ఉంది, ఎడమ చెయ్యి పక్క మీద బోర్లా పడి ఉంది, బల్ల మీద వాయించిన చెయ్యి అదే. పక్కన మిషను కూత పెడుతోంది, ఒకటి, రెండు, మూడు, నాలుగు. లెక్క పెట్టకు అని చెవికి చెప్పుకుంది. చెవి వినదు. ఇప్పుడు పేరు అనాలి. ఎలా అనాలి? ఏ మూల నుంచి అందుకున్నా ఆ పేరు ఆ వరసలోకే జారుతుంది, తనే కదా జార్చింది, పప్పు ఉడికే పొయ్యి పక్కన. మెల్లగా అంటే? అక్షరానికీ అక్షరానికీ మధ్య ఊపిరి తీసుకుంటే? పక్క గదిలో పిలిచినట్టు మామూలుగా అంటే? గుండ్రటి అద్దంలోంచి గుమాస్తా భార్య చూస్తోంది. ముఖం అద్దానికి ఆనించింది. పాటలక్క వంగింది, ఆయన చెవి దగ్గరికి నోరు పెట్టింది, వేల మంది ముందు వణకని గొంతు ఒక్క చెవి ముందు వణికింది. పిలిచింది. ఎవరి పేరో అన్నట్టు పేలవంగా వచ్చింది. ఏమీ కాలేదు. మళ్లీ పిలిచింది. మూడోసారి, ఎంత బిగబట్టినా గొంతు దాని దారి అది చూసుకుంది, మొదటి అక్షరం మీద బరువు పడింది, చివరిది సాగింది.

ఆయన కళ్లు తెరిచాడు. ముందు రెప్పలు అదిరాయి, తర్వాత ఒక్కసారిగా పెద్దవిగా తెరుచుకున్నాయి. ఎక్కడున్నాడో తెలియని చూపు కాదది. ఆ చూపు పాటలక్కకి తెలుసు, అరుగు మీద చూసింది. మిషను కూత గబగబా పెరిగింది. దుప్పటి కింద ఆయన మడమలు పరుపుని తన్నాయి, ఒకటి, ఇంకొకటి, భుజాలు తలగడలోకి నొక్కుకుపోయాయి. వెనక్కి నడుస్తున్నాడు. పడుకుని, గొట్టాల మధ్య, ఉన్న కాస్త బలంతో వెనక్కి నడుస్తున్నాడు. వద్దు, వద్దు, ఎవరూ లేరు, నేనొక్కదాన్నే, ఎవరూ లేరు బాబూ అంటూ ఆమె ఆయన ఎడమ చేతిని రెండు చేతులతో పట్టుకుంది, ఆ చెయ్యి చేపపిల్లలా తన్నుకుంది. నర్సు పరుగున వచ్చింది, కళ్లలోకి లైటు వేసి చూసి, అరె, తెరిచాడు, స్పృహ వస్తోందమ్మా అని సంబరంగా అంది, డాక్టరుని పిలవడానికి పరిగెత్తింది. పాటలక్కని పక్కకి జరిపి గుమాస్తా భార్య మంచం మీదికి వంగి, ఏమండీ, ఏమండీ, నేనేనండీ అంది. ఆ గాలిగొంతు వినగానే మడమలు ఆగాయి. కళ్లు ఆవిడ వైపు తిరిగాయి. కాసేపటికి నీళ్లతో నిండి, అలసిపోయి, మూసుకున్నాయి. నిద్రేలెండి, ఇది మామూలు నిద్రే అన్నాడు డాక్టరు.

వరండాలో పాటలక్క గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఐదు కావడానికి ఎంతో సమయం లేదు, ఆయా అందరినీ పంపించేస్తోంది. గుమాస్తా భార్య వచ్చి ఎదురుగా నిలబడింది. ఏడవలేదు, నవ్వలేదు, ముఖం ఒకలా బిగుసుకుని ఉంది. పాటలక్క ఇక చెప్పకపోతే మరెప్పుడూ చెప్పలేనని నోరు తెరిచింది, అమ్మా, నేను పాత పరిచయం అన్నది అబద్ధం అంది. తెలుసండీ అంది ఆవిడ. మీరు మొదటి మాట అనగానే తెలిసింది, పంతొమ్మిది రోజులు మా వంటింట్లో మోగిన గొంతు, తెలియదా అంది. డాక్టరు బాగా ఎరిగిన గొంతు కావాలన్నాడు, తొమ్మిది రోజులు మా చుట్టాలందరి చేతా పిలిపించాను, ఇవాళ మీరే వచ్చి కూర్చున్నారు అంది. అందులో దెప్పు లేదు, కోపం కూడా లేదు, అందుకే పాటలక్కకి మరీ భయం వేసింది. ఇంతటితో ఆవిడకి అంతా తెలిసిపోయిందనుకుని వెళ్లిపోవచ్చు. పాట కట్టింది తను, పేరు పెట్టింది జనం అనే ఆవిడ అనుకుంటోంది, అలాగే అనుకోనివ్వొచ్చు, దాన్ని కాదనగలిగిన మనిషి ఇంకొకడు తమ్ముడే, వాడు చచ్చినా చెప్పడు.

"పేరు పెట్టింది జనం కాదమ్మా, నేను."

ఆవిడ అర్థం కానట్టు చూసింది. ఆయన మీకేం చేశాడు అని అడిగింది. ఏమీ చెయ్యలేదు అంది పాటలక్క. లిస్టు సంగతి నోటి చివరికి వచ్చింది, వెనక్కి మింగింది. ఏమీ చెయ్యలేదమ్మా, నాలుగక్షరాల పేరు కావాల్సి వచ్చింది, ఆయనది సరిపోయింది. ఆవిడ పెదాలు కదిపి ఆ పేరు లోపల్లోపల లెక్కపెట్టుకుంది, వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి, నాలుగో వేలి దగ్గర ఆగాయి. అంతేనా అంది. అంతే. ఆవిడ బెంచీ మీద కూలబడింది. చాలాసేపు ఫ్లాస్కు మూత బిగిస్తూ, విప్పుతూ, మళ్లీ బిగిస్తూ కూర్చుంది. మీద పడి కొడుతుందేమో, అరిచి నలుగురినీ పోగు చేస్తుందేమో, కింద గేటు దగ్గర పోలీసు ఉన్నాడు, పిలుస్తుందేమో అని పాటలక్క కాచుకుని నిలబడింది. అలా జరిగినా బాగుండును అనిపించింది. ఆయా వచ్చి టైమైందమ్మా అంది. గుమాస్తా భార్య తల ఎత్తింది.

"రేపు నాలుగింటికి రండి. ఆయన మాట్లాడేదాకా రోజూ రండి. లేచాక ఈ మాట ఆయనకి మీరే చెప్పాలి, నేను చెప్పలేను."

రేపు ఆ తలుపు, ఆ ఆరు మంచాలు, తెరుచుకునే ఆ కళ్లు. ఆయన తనని చూసి మళ్లీ వెనక్కి నడుస్తాడేమో, ఎల్లుండి కూడా, ఆవలెల్లుండి కూడా, మాట వచ్చాక మొదట ఏ మాట అంటాడో. పాటలక్క గోడ వదిలి నిలబడింది, మోకాళ్లు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. సరేనమ్మా అంది. అన్నది తనకే వినబడలేదు. ఆవిడకి వినబడిందో లేదోనని, మళ్లీ ఒకసారి, కాస్త పైకే అంది.